టైప్ రాయని బటన్

మొన్నీమధ్య వెబ్ పేజీకి ఒక రిజిస్ట్రేషన్ ఫారం కోడ్ రాశాను. పెద్దదేం కాదు. పేరు, ఈమెయిల్, ఫోన్ నంబరు, తోడుగా ఎవరైనా వస్తుంటే వాళ్ల పేర్లు, ఇంకేమైనా చెప్పాలనుకుంటే రాయడానికి ఒక పెద్ద బాక్స్, చివర్లో "పంపండి" బటన్. తోడు వచ్చేవాళ్లు ఎంతమందో ముందే తెలీదు కాబట్టి "మరొకరిని చేర్చండి" అని ఇంకో చిన్న బటన్ పెట్టా, అది నొక్కితే జావాస్క్రిప్ట్ ఇంకో పేరు బాక్స్ తెచ్చి కింద తగిలిస్తుంది. ఇలాంటివి లెక్కలేనన్ని రాశాను కదా అన్న ధీమాతో రెండుసార్లు నింపి చూసుకుని వదిలేశా.

రెండు రోజుల తర్వాత డేటా తెరిస్తే కొందరి పేర్లు రెండేసి సార్లు ఉన్నాయి. ఒకరైతే మూడుసార్లు. మొదటి ఎంట్రీలో తోడు వచ్చేవాళ్లు సరిగ్గా నలుగురు, కింద గమనిక ఖాళీ. రెండో ఎంట్రీలో మిగిలిన వాళ్ల పేర్లు, గమనికలో "ఇందాక మధ్యలోనే వెళ్లిపోయింది, మళ్లీ నింపుతున్నా" అని. ముందు నేను అనుకున్నది, నెట్ స్లోగా ఉండి కంగారులో పంపండి బటన్ రెండుసార్లు నొక్కి ఉంటారులే అని. తప్పు వాడేవాళ్ల మీదికి నెట్టేయడం ఎంత తేలికో చూడండి. ఆ మర్నాడే ఇంకొకరి దగ్గర్నుంచి మెయిల్: "ఈమెయిల్ టైప్ చేసి ఎంటర్ కొడితే ఫారం వెళ్లట్లేదు, ఊరికే పేరు బాక్సులు పుట్టుకొస్తున్నాయి." ఒకరికేమో వెళ్లకూడనప్పుడు వెళ్తోంది, ఇంకొకరికి వెళ్లాల్సినప్పుడు వెళ్లట్లేదు. రెండూ వేర్వేరు గోలలు అనుకుని ఒక సాయంత్రమంతా విడివిడిగా వెతికా.

రెండింటికీ కారణం ఒకటే. ఆ "మరొకరిని చేర్చండి" బటన్‌కి నేను టైప్, అంటే అది ఏ రకం బటనో చెప్పే మాట, రాయలేదు.

బటన్ ట్యాగ్‌కి టైప్ రాయకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్‌గానే, అంటే ఫారం పంపే బటన్‌గానే తీసుకుంటుంది. 1997లో వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ నాలుగో వెర్షన్‌తో బటన్ ట్యాగ్ వచ్చినప్పటి నుంచీ ఇదే రూలు. ఫారం లోపల ఉన్న ఏ బటనైనా, దాని మీద మనం ఏం రాసినా, "బటన్" అనో "రీసెట్" అనో టైప్ ఇస్తే తప్ప ఫారాన్ని పంపేస్తుంది. ఈ సంగతి నాకు తెలీక కాదు, తెలుసు. నా స్క్రిప్టులో క్లిక్ ఫంక్షన్ చివరి లైన్లో, బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఆపే ప్రివెంట్ డీఫాల్ట్ కూడా పెట్టుకున్నా. అసలు తిరకాసు అక్కడే ఉంది. అదే ఫంక్షన్ మొదట్లో, నలుగురికంటే ఎక్కువైతే "ఇక చేర్చలేరు" అని మెసేజ్ చూపించి అక్కడికక్కడే రిటర్న్ అయిపోయే లైను ఒకటి రాశా. అంటే ఐదోసారి నొక్కినప్పుడు చివరి లైను దాకా వెళ్లనే వెళ్లదు, డీఫాల్ట్‌ని ఆపేవాడు లేడు, మెసేజ్ అలా మెరిసి మాయమయ్యేలోపే ఫారం సర్వర్‌కి చేరిపోతుంది. పైనున్న తప్పనిసరి బాక్సులన్నీ అప్పటికే నింపి ఉంటారు కాబట్టి బ్రౌజర్ కూడా అడ్డు చెప్పదు. నేను టెస్ట్ చేసింది ఇద్దరి పేర్లతో.

ఇక ఎంటర్ సంగతి. టెక్స్ట్ బాక్సులో ఉండగా ఎంటర్ కొడితే బ్రౌజర్ ఏం చేస్తుందంటే, ఆ ఫారానికి చెందిన సబ్మిట్ బటన్లలో కోడ్ వరసలో మొట్టమొదట ఏది వస్తే దాన్ని మన తరఫున తనే నొక్కుతుంది. స్క్రీన్ మీద ఏది పెద్దగా ఉంది, ఏది రంగులో ఉంది అనేది దానికి అక్కర్లేదు. నా ఫారంలో గమనిక బాక్స్ కంటే పైన, పంపండి కంటే పైన, ఈ టైప్ లేని చిన్న బటన్ కూర్చుని ఉంది. కాబట్టి ఎంటర్ కొట్టినప్పుడల్లా అదే నొక్కుడుపడి పేరు బాక్సులు పుట్టించింది. ఆ బటన్‌కి టైప్ బటన్ అని ఒక్క మాట చేర్చేసరికి రెండు కంప్లైంట్లూ ఒకేసారి పోయాయి. సాయంత్రం పోయింది అనుకోండి, అది వేరే విషయం.

అప్పట్నుంచి నాకు ఫారాల మీద కొంచెం పిచ్చి పట్టింది. పాత కోడ్ అంతా తీసి చూస్తుంటే నేను పడ్డ తిప్పల్లో చాలా భాగం ఇలాంటివే: బ్రౌజర్‌కి ఈ పని ముందునుంచే వచ్చు, ఏ బాక్స్ ఏమిటో దానికి సరిగ్గా చెప్పకుండా పైనుంచి స్క్రిప్టుతో తంటాలు పడ్డది నేను. 1995 నవంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0 లోనే ఇన్‌పుట్ (మామూలు బాక్స్), సెలెక్ట్ (ఎంచుకునే జాబితా), టెక్స్ట్‌ఏరియా (పలు లైన్లు రాసే పెద్ద బాక్స్) మూడూ ఉన్నాయి. అంత పాత సామాను. పాత సామానుకి పాత అలవాట్లు ఉంటాయి, అవి తెలిస్తే హాయి, తెలీకపోతే టెన్షన్.

ట్యాగ్‌లో బాక్స్‌కి ఇచ్చే నేమ్ సంగతే తీసుకోండి. కొత్తగా నేర్చుకుంటున్న వాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే, పాతవాళ్లం కూడా అప్పుడప్పుడు పడతాం. ఐడీ రాశాం, పేజీ అలంకరణ చూసే సీఎస్‌ఎస్ పట్టుకుంది, జావాస్క్రిప్ట్ పట్టుకుంది, అంతా బాగుంది అనిపిస్తుంది. సర్వర్ దగ్గర మాత్రం ఆ బాక్స్ ఊసే ఉండదు. ఎందుకంటే ఫారం పంపేటప్పుడు బ్రౌజర్ ఐడీని చూడదు, నేమ్‌ని చూస్తుంది. నేమ్ లేని బాక్స్ దాని లెక్కలో లేనట్టే, అందులో ఎంత రాసినా పక్కన పెట్టేసి మిగతావి పంపేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అందుకే ఏదైనా ఫారం రాశాక నేను ముందు చేసే పని డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పంపండి నొక్కి, నిజంగా ఏం వెళ్లిందో కళ్లతో చూడటం. డేటాబేస్‌లో వెతకడం కంటే ఇది చాలా నయం.

ఒకే నేమ్ పలు బాక్సులకి ఇస్తే అన్నీ వరసగా వెళ్తాయి, బ్రౌజర్ వైపు ఇబ్బందేం లేదు. సర్వర్ వైపు ఏం జరుగుతుందనేది మీరు వాడే భాషని బట్టి. పీహెచ్‌పీ అయితే నేమ్ చివర చదరపు బ్రాకెట్లు పెట్టకపోతే ఆఖరుది ఒక్కటే మిగులుతుంది. ఒకప్పుడు నా ఫారంలో ఐదు పేర్లు రాసినా ఎప్పుడూ చివరి మనిషి ఒక్కడే వచ్చేవాడు, అది ఇందువల్లే.

నేమ్ గురించే ఇంకో తమాషా. సబ్మిట్ బటన్‌కి నేమ్‌గా సబ్మిట్ అనే పెట్టి చూడండి. తర్వాత ఎప్పుడైనా స్క్రిప్టులోంచి ఆ ఫారాన్ని పంపాలని ఫారం డాట్ సబ్మిట్ అని పిలిస్తే, అదసలు ఫంక్షనే కాదని కన్సోల్ ఎర్రగా మొత్తుకుంటుంది. ఫారం లోపలి బాక్సుల నేమ్‌లు ఫారం మీదే ప్రాపర్టీలుగా అతుక్కుంటాయి, కాబట్టి అసలు సబ్మిట్ ఫంక్షన్ని మన బటన్ కప్పేసింది. ఎలాగూ ఆ మాట వచ్చింది కాబట్టి, స్క్రిప్టులోంచి సబ్మిట్ అని పిలిస్తే బ్రౌజర్ తన తనిఖీలేవీ చేయదు, సబ్మిట్ ఈవెంట్ కూడా రాదు, నేరుగా పంపేస్తుంది. మనిషి బటన్ నొక్కినట్టే జరగాలంటే రిక్వెస్ట్ సబ్మిట్ అని వేరే ఫంక్షన్ ఉంది.

చెక్‌బాక్స్ దగ్గర జనం ఊహించేది ఒకటి, జరిగేది ఒకటి. టిక్ పెడితే అవును అని, తీసేస్తే కాదు అని వెళ్తుందనుకుంటాం. టిక్ లేకపోతే అసలేమీ వెళ్లదు. టిక్ ఉండి, వాల్యూ రాయకపోతే "ఆన్" అనే మాట వెళ్తుంది. దీనివల్ల సెట్టింగ్స్ పేజీల్లో వచ్చే బగ్ ఒకటుంది: మనిషి టిక్ తీసేసి సేవ్ కొడతాడు, సర్వర్‌కి ఆ నేమ్ రాదు, రాలేదు కాబట్టి సర్వర్ కోడ్ పాత విలువని అలాగే ఉంచుతుంది, పేజీ తెరిస్తే టిక్ మళ్లీ ప్రత్యక్షం. "రాకపోతే కాదు అనుకో" అని సర్వర్‌లో రాసుకోవాలి, లేదా అదే నేమ్‌తో ముందొక హిడెన్ (తెర మీద కనపడని) ఇన్‌పుట్‌లో సున్నా పెట్టుకోవాలి. రైల్స్ లాంటి సర్వర్ వైపు ఫ్రేమ్‌వర్కులు ఈ రెండో పద్ధతే వాడతాయి.

డిసేబుల్డ్‌కీ రీడ్‌ఓన్లీకీ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. లాగిన్ అయిన వాళ్ల ఈమెయిల్ ముందే నింపి చూపించి, మార్చకుండా డిసేబుల్డ్ పెట్టా. చూడ్డానికి బూడిద రంగులో ముద్దుగా ఉంది. సర్వర్‌కి మాత్రం ఈమెయిల్ ఖాళీ. డిసేబుల్డ్ అయినవి పంపబడవు, రీడ్‌ఓన్లీ అయినవి వెళ్తాయి. అయితే రీడ్‌ఓన్లీ పెట్టాం కదా ఎవరూ మార్చలేరు అని మాత్రం అనుకోవద్దు, డెవలపర్ టూల్స్‌లో ఆ మాట చెరిపేయడానికి రెండు సెకన్లు చాలు. హిడెన్ ఇన్‌పుట్ కూడా అంతే, సోర్స్ తెరిస్తే అందరికీ కనిపిస్తుంది. బ్రౌజర్‌లో చేసే తనిఖీలన్నీ మంచివాళ్ల సౌకర్యం కోసం, సర్వర్ వైపు మళ్లీ అన్నీ చూసుకోవాల్సిందే.

ఏ బాక్స్‌లో ఏం రాయాలో చెప్పే లేబుల్ గురించి కొంచెం గట్టిగానే చెప్తా. లేబుల్ ట్యాగ్ కూడా హెచ్‌టీఎంఎల్ 4తోనే వచ్చింది, అంటే బటన్ వయసే. అయినా ఇప్పటికీ బాక్స్ లోపల లేత బూడిద అక్షరాలతో ప్లేస్‌హోల్డర్ పెట్టేసి లేబుల్ మానేసే డిజైన్లు కనిపిస్తూనే ఉన్నాయి, చూడ్డానికి ఖాళీగా, శుభ్రంగా ఉంటాయని కాబోలు. మొదటి అక్షరం కొట్టగానే ప్లేస్‌హోల్డర్ మాయం. ఫోన్ మోగి, మాట్లాడి తిరిగొచ్చేసరికి ఈ బాక్స్‌లో నేను రాసింది ఇంటి చిరునామానా ఆఫీసుదా అనేది గుర్తుండదు, గుర్తు తెచ్చుకోవాలంటే రాసిందంతా చెరిపి చూడాలి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి బాక్స్ పేరుగా చదివి వినిపించేది లేబుల్‌ని. బాక్స్ పైన డివ్ అనే మామూలు ట్యాగ్‌లో ఏదో రాసి పెడితే కళ్లున్నవాళ్లకి అది పేరులా కనిపిస్తుంది కానీ, ఆ రాతకీ ఈ బాక్స్‌కీ సంబంధం ఉందని బ్రౌజర్‌కి ఎవరు చెప్పారు? లేబుల్‌లో ఫర్ అని రాసి, బాక్స్ ఐడీ అక్కడ ఇస్తే ముడి పడుతుంది. లేదా బాక్స్‌ని లేబుల్ లోపలే పెట్టేస్తే ఫర్ కూడా అక్కర్లేదు.

పరీక్షించడానికి పెద్ద పరికరాలేం వద్దు. పక్కనున్న మాట మీద క్లిక్ చేయండి. కర్సర్ బాక్స్‌లోకి దూకితే ముడి ఉన్నట్టు. చెక్‌బాక్స్ అయితే మాట మీద నొక్కినా టిక్ పడాలి. ఫోన్‌లో అంత చిన్న గడి మీద వేలు సరిగ్గా పెట్టలేక జనం పడే అవస్థ ఈ ఒక్క ముడితో తగ్గిపోతుంది.

రేడియో బటన్లకి, అంటే కొన్నింట్లో ఒక్కటే ఎంచుకునే గుండ్రటివాటికి, ఒక్కోదానికి లేబుల్ ఇస్తే సరిపోదు, అసలు ప్రశ్న ఏమిటో కూడా చెప్పాలి కదా, దానికి వాటన్నిటినీ గుంపుగా చుట్టే ఫీల్డ్‌సెట్, ఆ గుంపుకి శీర్షికగా లెజెండ్ ఉన్నాయి. ఫీల్డ్‌సెట్ చుట్టూ వచ్చే గీత నచ్చక చాలామంది వదిలేస్తారు. గీత తీసేయడానికి సీఎస్‌ఎస్‌లో ఒక లైను చాలు.

ఇప్పుడు నంబర్ టైప్. పేరు చూసి మోసపోయే టైప్ ఇది. అంకెలు కదా అని ఫోన్ నంబరుకీ, కార్డు నంబరుకీ, ఓటీపీకీ టైప్ నంబర్ పెట్టేస్తాం. పక్కన పైకీ కిందికీ బాణాలొస్తాయి. ఫోన్ నంబరుకి ఒకటి కూడితే వచ్చేది ఇంకెవరిదో నంబరు, ఆ బాణాలతో ఎవరికి పని? కొన్ని బ్రౌజర్లలో బాక్స్ మీద మౌస్ చక్రం తిరిగితే అంకె దానంతటదే మారిపోతుంది, పేజీ కిందికి జరుపుదామనుకున్న మనిషి చూసుకోనే చూసుకోడు. పైగా ఘాతాంకాల కోసం ఇంగ్లీషు "ఈ" అక్షరాన్ని కూడా అది ఒప్పుకుంటుంది. మొదట్లో సున్నా ఉన్న నంబరుని మన కోడ్ నిజంగానే సంఖ్యగా మారిస్తే ఆ సున్నా కాస్తా ఎగిరిపోతుంది. లెక్క కట్టే వాటికి, అంటే ఎన్ని టికెట్లు, ఎంత బరువు లాంటి వాటికి నంబర్ టైప్ వాడండి. ఫోన్‌కి టెల్ ఉంది. ఓటీపీ లాంటి వాటికి మామూలు టెక్స్ట్ టైపే ఉంచి, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ అని ఇస్తే ఫోన్‌లో అంకెల కీబోర్డు వస్తుంది, మిగతా గోల ఉండదు. దానికే ఆటోకంప్లీట్‌లో వన్ టైమ్ కోడ్ అని కూడా రాస్తే మెసేజ్‌లో వచ్చిన కోడ్‌ని ఫోన్ తనే చూపించి నింపమంటారా అని అడుగుతుంది.

ఈమెయిల్, టెల్, డేట్ లాంటి కొత్త టైపులు హెచ్‌టీఎంఎల్ 5తో వచ్చినవి, 2014లో అది అధికారికంగా ఖరారైంది. వాటిలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, బ్రౌజర్‌కి ఏదైనా టైప్ అర్థం కాకపోతే నోరు మూసుకుని దాన్ని మామూలు టెక్స్ట్ బాక్స్‌గా చూపిస్తుంది. పాత బ్రౌజర్‌లో పేజీ విరగదు, అక్షరదోషం పడినా విరగదు. ఆ రెండోది మాత్రం కొంచెం ప్రమాదం, ఈమెయిల్ అని రాయబోయి ఏదో రాసినా తెలీదు.

డేట్ టైప్ స్క్రీన్ మీద ఆ మనిషి సెట్టింగ్‌ని బట్టి రోజు ముందో నెల ముందో చూపిస్తుంది, సర్వర్‌కి మాత్రం ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరసలోనే పంపుతుంది. "నా కంప్యూటర్‌లో వేరేగా కనిపిస్తోంది" అని ఎవరైనా అంటే కంగారు పడొద్దు.

టెక్స్ట్‌ఏరియా దగ్గర నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి. ఇదే ఫారంలో గమనిక బాక్స్ తప్పనిసరి అని మొదట్లో రిక్వైర్డ్ పెట్టి చూశా, అయినా ఖాళీగానే ఫారం వెళ్లిపోతోంది. ప్లేస్‌హోల్డర్ రాశా, అదీ కనిపించట్లేదు. బాక్స్ మీద క్లిక్ చేస్తే కర్సర్ మొదట్లో కాకుండా ఎక్కడో మధ్యలో మెరుస్తోంది. ఆ కర్సర్ చూశాకే బల్బు వెలిగింది. మిగతా ట్యాగుల్లాగే దీన్ని కూడా తెరిచే ట్యాగ్ ఒక లైన్లో, మూసే ట్యాగ్ కింద లైన్లో, ముందు కొన్ని స్పేసులిచ్చి అందంగా పేర్చా. టెక్స్ట్‌ఏరియాకి వాల్యూ అనే ఆట్రిబ్యూట్ ఉండదు, రెండు ట్యాగుల మధ్య ఏముంటే అదే దాని విలువ. వెంటనే వచ్చే ఒక్క కొత్త లైనుని మాత్రం వదిలేస్తుంది, తర్వాతి స్పేసులన్నీ లెక్కే. బ్రౌజర్ దృష్టిలో ఆ బాక్స్ ఖాళీగా లేదు, అందులో ఎనిమిది స్పేసులున్నాయి. అందుకే ప్లేస్‌హోల్డర్ రాలేదు, అందుకే రిక్వైర్డ్ ఊరుకుంది. రెండు ట్యాగుల్నీ ఆనించి రాశాక సరిపోయింది.

అక్షరాల లెక్క ఇంకో మెలిక. మ్యాక్స్‌లెంగ్త్ ఇరవై అని పెడితే ఇరవై అక్షరాలు పడతాయనుకుంటాం, ఇంగ్లీషులో రాసేవాళ్లకి పడతాయి కూడా. తెలుగులో "శ్రీ" మనకి ఒకే అక్షరం. బ్రౌజర్‌కి అది శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి నాలుగు. "స్వాతంత్ర్యం" మన చెవికి మూడక్షరాలు, దాని లెక్కలో పన్నెండు. ఇరవైలో సగానికి పైగా ఒక్క మాటకే అయిపోయింది. పేరు బాక్సులకి ఇరవై, ఇరవై ఐదు అని పరిమితి పెట్టేవాళ్లు తమ పేరు తెలుగులో ఒకసారి కొట్టి చూస్తే బావుంటుంది, సగం గుణింతం దగ్గర ఆగిపోవడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఇక ప్యాటర్న్‌లో ఇంగ్లీషు ఎ నుంచి జెడ్ వరకే ఒప్పుకునే పేరు బాక్సుల గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేస్తున్నా.

కొత్త లైన్లు కూడా ఇలాంటివే. టెక్స్ట్‌ఏరియాలో ఎంటర్ కొడితే స్క్రిప్టుకి అది ఒక అక్షరంగా కనిపిస్తుంది, ఫారం పంపేటప్పుడు మాత్రం రెండు అక్షరాలుగా మారి వెళ్తుంది. కింద "ఇంకా 0 మిగిలాయి" అని చూపించి పంపనిచ్చాక, సర్వర్ మాత్రం ఎక్కువైందని తిప్పి కొడుతుందంటే ముందు లైన్లు లెక్కపెట్టండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఫారానికి మెథడ్ (డేటా ఎలా పంపాలో చెప్పేది) రాయకపోతే గెట్ అనే అర్థం, అంటే రాసిందంతా అడ్రస్ బార్‌లోకి ఎక్కుతుంది. వెతకడానికి అది బ్రహ్మాండం, లింక్ దాచుకోవచ్చు, పాస్‌వర్డ్‌కి మాత్రం ఘోరం, హిస్టరీలో పడుతుంది, సర్వర్ లాగుల్లోనూ పడుతుంది. ఫైల్ అప్‌లోడ్ పెట్టినప్పుడు మెథడ్ పోస్ట్ చేసి ఎన్‌కోడింగ్ టైప్ మల్టీపార్ట్ అని మార్చకపోతే ఫైల్ పేరు ఒక్కటే వెళ్తుంది, ఫైల్ వెళ్లదు. ఫారంలో ఫారం పెట్టకండి, లోపలి ఫారం తెరిచే ట్యాగ్‌ని బ్రౌజర్ పట్టించుకోదు కానీ దాన్ని మూసే ట్యాగ్‌తో బయటి ఫారం మూసుకుపోతుంది, ఆ తర్వాతి బాక్సులన్నీ రోడ్డున పడతాయి. ఐఫోన్‌లో బాక్స్ తాకగానే పేజీ జూమ్ అవుతుంటే బాక్స్ అక్షరాల సైజు 16 పిక్సెళ్లకంటే తక్కువుందేమో చూడండి. రీసెట్ బటన్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి, అది కావాలని నొక్కిన మనిషిని నేనింతవరకు చూడలేదు, పొరపాటున నొక్కి తల పట్టుకున్నవాళ్లని చూశాను.

నా రిజిస్ట్రేషన్ ఫారం ఇప్పుడు బాగానే నడుస్తోంది. రెండేసి సార్లు వచ్చిన ఎంట్రీలన్నీ కూర్చుని చేత్తో కలిపా, ముప్పావుగంట పట్టింది. బటన్‌కి టైప్ పెట్టాక ఆ రిటర్న్ లైన్ ఉన్నా నష్టమేం లేదు. కానీ తోడు నలుగురే ఉండాలని ఆ పరిమితి అసలెందుకు పెట్టానా అని ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నన్నెవరూ అడగలేదు కూడా. తీసేశా.